కట్టెలో నీళ్లు, పొయ్యిలో ఎండ

జనవరి నెల, తెల్లవారుజాము. గండికోట లోయ అంచున గుడారాలు వరసగా ఉన్నాయి. కింద పెన్న కనబడడం లేదు, మంచు కమ్మేసింది. సెలవులకు వచ్చిన కుర్రాళ్లు నలుగురు చలిమంట వేసుకుందామని అరగంట నుంచీ తంటాలు పడుతున్నారు. దుంగలు లావుగా ఉన్నాయి, చూపుకు బాగున్నాయి. అయినా మంట లేదు, అంతా పొగే. ఒక దుంగ కోసిన మొహం మీద చిన్న చిన్న బుడగలు లేచి సుయ్‌మంటున్నాయి. అటుగా జీవాలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి చూశాడు.

"అది నిన్నో మొన్నో కొట్టిండే కట్టె సామీ. ఇంగా నీళ్లు కక్కుతాండాది" అన్నాడు.

పడిపోయిన గోడ పక్క నుంచి బొటనవేలి లావు ఎండు కంపకొమ్మలు ఏరుకొచ్చి మోకాలికేసి విరిచాడు. ఫట్ ఫట్‌మని విరిగాయి. వాటిని గుడిసెలా నిలబెట్టి, లోపల పిడికెడు ఎండుగడ్డి దూర్చి అగ్గిపుల్ల గీశాడు. కాసేపటికే మంట నడుమెత్తు లేచింది. అప్పుడు ఆ లావు దుంగల్ని మంట మీద కాకుండా మంట పక్కన పెట్టించాడు, ఆరడానికి.

ఆయన అన్న ఆ ఒక్క మాటలో కట్టెల శాస్త్రం ముప్పాతిక ఉంది. మిగిలిన పాతిక కోసం వెతుకుతూ పోతే ఈ సీమలోనే ఎన్ని సంగతులు దొరికాయో చూడండి.

కంపచెట్టు మొదట దిగిన ఊరు

పెద్దాయన విరిచిన కొమ్మ సర్కారు తుమ్మది. కొందరు కంపచెట్టు అంటారు, కొందరు ఇంగ్లీషు తుమ్మ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ప్రొసోపిస్ జూలిఫ్లోరా. పుట్టింది మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల వైపు. ఇవాళ గుజరాత్ నుంచి రామనాథపురం దాకా దేశమంతా అల్లుకున్న ఈ చెట్టును మన గడ్డ మీద మొదట నాటింది ఎక్కడో తెలుసా? ఎర్రగుంట్ల నుంచి కడపకు పోయే దారిలోని కమలాపురంలో!

మద్రాసు రాజధాని అటవీశాఖలో పెద్ద అధికారి, పేరున్న వృక్షశాస్త్రవేత్త రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1876లో రెవెన్యూ శాఖకు ఒక ఉత్తరం రాశాడు. వానలు లేని నేలల్లో నాటడానికి ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని కోరాడు. మరుసటేడు, 1877లో, కమలాపురంలో విత్తారు. అవి మామూలు రోజులు కావు. ధాత కరువు జనాన్ని పీల్చి పిప్పి చేస్తున్న రోజులు. పశువుకు మేత లేదు, పొయ్యిలోకి పుల్ల లేదు. వాన లేకున్నా బతికే చెట్టు ఒకటి కావాలనిపించడంలో తప్పేమీ లేదు. సర్కారు వేయించిన తుమ్మ కాబట్టి సర్కారు తుమ్మ అయింది.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. తియ్యటి కాయను మేక తింటుంది, గింజ అరగదు, మేక పోయిన చోటల్లా పెంటికతో పాటు మొలకెత్తుతుంది. మొదలంటా కొట్టినా మళ్లీ చిగురేస్తుంది. వేరు పెళ్లగిస్తే తప్ప చావదు. ఆ వేళ్ల లోతు సంగతి చెప్పాలంటే, అమెరికాలోని అరిజోనాలో గని తవ్వుతుండగా 1960లో దీని దగ్గరి బంధువైన చెట్టు వేరు 53 మీటర్ల లోతున కనబడింది. మన కంపచెట్టు చెరువులు పూడ్చింది, బీళ్లు ఆక్రమించింది, రైతు కాళ్లలో ముల్లయి విరిగింది. నిజమే. కానీ వంట గ్యాసు రాని అన్ని దశాబ్దాలూ భూమి లేని వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగించింది కూడా ఇదే. దీని కట్టె బరువు, నిదానంగా కాలుతుంది, నిప్పు చాలాసేపు నిలబడుతుంది. మిగతా అడవిచెట్ల మీద గొడ్డలి పడకుండా ఇది ఎంత అడ్డుపడిందో తలుచుకుంటే, దీన్ని ఒట్టి కలుపు మొక్క అని తోసెయ్యడానికి నాకు మనసు ఒప్పదు.

కిలో కట్టెలో ఎన్ని నీళ్లు?

అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉండొచ్చు. చెట్టును బట్టి కొంచెం అటూ ఇటూ. అంటే కాటా వేసి పచ్చికట్టె కొంటే, సగం డబ్బు నీళ్లకు పోసినట్టే. బాగా ఎండిన కట్టెలో నీరు 20 శాతానికి లోపల ఉండాలని ప్రపంచంలో కట్టెలు కాల్చే వాళ్లంతా ఒప్పుకునే లెక్క.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. పచ్చికట్టెలో వేడంతా నీళ్లను ఆవిరి చెయ్యడానికే పోతుందనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. కిలో పచ్చికట్టెలో అరకిలో నీళ్లు, అరకిలో అసలు కట్టె అనుకుందాం. పూర్తిగా ఎండిన కట్టె కిలోకు సుమారు 4,500 కిలో కేలరీల వేడినిస్తుంది కాబట్టి అరకిలోకు 2,250. అరకిలో నీళ్లను మరిగించి ఆవిరి చెయ్యడానికి పట్టేది 300 పై చిల్లర. అంటే పోయేది ఏడో వంతే. మరి పొయ్యి ఎందుకు అంత ఏడిపిస్తుంది?

ఎందుకంటే కట్టె మండేది కట్టెగా కాదు. 200 డిగ్రీలు దాటాక అది వాయువులుగా విడిపోతుంది. మనం చూసే మంట ఆ వాయువులు అంటుకున్న మంట. కట్టె బరువులో ఎక్కువ భాగం ఇలా వాయువుగానే మండుతుంది, మిగిలింది బొగ్గుగా కణకణలాడుతుంది. కట్టెలో నీళ్లున్నంతసేపూ, అవి మరుగుతున్న చోట వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. దాంతో పొయ్యి చల్లబడుతుంది, పుట్టిన వాయువులు అంటుకునేంత వేడి లేక పొగయి బయటికి పోతాయి. పొగ అంటే కాలకుండా పోయిన కట్టె. కంట్లో మండుతున్నది, గోడకు మసిగా అంటుకున్నది మనం మోసుకొచ్చిన వంటచెరకే. అసలు నష్టం అదీ.

మా జేజికి ఈ లెక్కలేవీ తెలియవు. తెల్లారి సంగటికి ఎసరు పెట్టేముందు కట్టెల కుప్ప దగ్గర నిలబడి ఒక్కో కట్టెనూ చేత్తో ఎత్తి తూకం చూసేది. రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టేది. టంగుమంటే పొయ్యి వైపు, దబ్బుమంటే ఎండ వైపు. ఒకరోజు తొందరలో నేనే ఒక కట్టె తెచ్చి పొయ్యిలో దూర్చాను. కొసన నురగ తేలింది. జేజి ఊదుగొట్టం పక్కన పెట్టి, ఆ కట్టెను బయటికి లాగి, కొస నా ముఖం దగ్గర పెట్టింది. "పచ్చిగుండాదిరా నాయనా. దాని నోట్లోంచి నీళ్లు కార్తాండాయి సూడు. నీళ్లతో నిప్పు చేస్తావా?" అంది. ఆ కొస మీద నురగ పసుపు రంగులో ఉంది, వగరు వాసన వేసింది. సంగటి గెలికేటప్పుడు మంట తగ్గితే ఉండలు కడుతుంది. ఆమె కోపం నా మీద కాదు, ఉండ కట్టబోయే సంగటి మీద!

ఎండిన కట్టెకు ఇంకా గురుతులున్నాయి. కోసిన మొహం మీద చక్రంలో ఆకుల్లా నెర్రెలు వస్తాయి. బెరడు వేలితో తీస్తే ఊడి వస్తుంది. రంగు వెలిసి బూడిదబారుతుంది. ఒక వైపు సబ్బునీళ్లు రాసి రెండో వైపు నుంచి గట్టిగా ఊదితే బుడగ వచ్చే కట్టెలు కూడా ఉన్నాయి. కట్టె లోపల నిలువునా సన్నని గొట్టాలున్నాయని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పైకెక్కిన దారే అది. కొట్టాక బయటికి పోయేదీ ఎక్కువగా ఆ దారినే. పక్కల నుంచి ఆరేదానికన్నా కొసల నుంచి పది రెట్లకు పైగా వేగంగా ఆరుతుంది. అందుకే పొట్టిగా నరికి, నిలువునా చీల్చిన కట్టె నెలల్లో ఎండుతుంది. బెరడుతో ఉన్న దుంగ ఏళ్ల తరబడి లోపల పచ్చిగానే ఉంటుంది.

నార్వేకు రెండేళ్లు, మనకు ఒక రోహిణి కార్తె

చలిదేశాల్లో కట్టెలు ఎండబెట్టడం ఒక పెద్ద విద్య. ఓక్ లాంటి గట్టికట్టె అక్కడ ఎండడానికి రెండేళ్లు కూడా పడుతుంది. నార్వేలో లార్స్ మిట్టింగ్ అనే రచయిత కట్టెలు కొట్టడం, పేర్చడం, ఎండబెట్టడం, కాల్చడం మీద 2011లో ఒక పుస్తకం రాస్తే జనం ఎగబడి కొన్నారు. 2013 ఫిబ్రవరిలో ఆ దేశపు ప్రభుత్వ టీవీ కట్టెల మీద 12 గంటల కార్యక్రమం వేసింది. అందులో ఎక్కువ భాగం ఒక పొయ్యి మండడమే చూపించారు! ప్రేక్షకుల నుంచి ఫిర్యాదులూ వచ్చాయి. కట్టెలు బెరడు పైకి పెట్టి పేర్చారని కొందరికి కోపం, బెరడు కిందికి పెట్టారని మరికొందరికి కోపం.

మన దగ్గర ఆ తగాదా ఎందుకు లేదో చెప్పడం తేలిక. గాలిలో తేమ ఎంతుందో దాన్ని బట్టే కట్టె ఎంతవరకు ఎండుతుందన్నది తేలుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే కట్టె 16 శాతం దగ్గర ఆగిపోతుంది. 30 శాతమే ఉంటే ఆరేడు శాతం దాకా దిగుతుంది. కడప జిల్లాలో మే నెల మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటి, గాలి పొడిబారి పెదవులు పగిలేటప్పుడు జరిగేది అదే. బతకడానికి కష్టమైన ఆ ఎండ కట్టెకు వరం. మృగశిర కార్తె మొదటి చినుకు పడేలోపు ఏడాదికి సరిపడా కట్టెలు కొట్టి పేర్చుకోవాలన్నది పల్లెల్లో పెద్దలు పెట్టుకున్న గడువు. జూన్‌లో కాస్త ఏమరుపాటు పడినా, మనకు అక్టోబరు, నవంబరుల్లో మళ్లీ వానలు దంచికొడతాయి. అప్పుడు తడిసిన కట్టె సంక్రాంతి దాకా ఆరదు.

కట్టెల కుప్ప నేలకు తగలకూడదు. చెద పట్టేది, చెమ్మ పీల్చేది అక్కడి నుంచే. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు ఇందుకు ఏ ఏర్పాటూ చేసుకోనక్కర్లేదు. గోడకు, గడపకు, అరుగుకు వాడగా మిగిలిన నాపరాయి ముక్కలు ప్రతి ఇంటి పక్కనా పడి ఉంటాయి. నాలుగు రాళ్లు పరిచి వాటి మీద కట్టె పేర్చి, పైన ఒక రేకో రెండు బండలో కప్పి, నాలుగు పక్కలా గాలి ఆడనిస్తే చాలు. మొత్తం కుప్పను పట్టాతో మూసేయడం మాత్రం తప్పు. లోపలి చెమ్మ బయటికి పోక బూజు పడుతుంది.

చేవ

కట్టెల చుట్టూ తెలుగులో ఎన్ని మాటలున్నాయో! మోపు, పేడు, చిదుగు, పుడక, దుంగ, మొద్దు, కొరివి, కొరకంచు, నివురు, నెగడు. చలికి ఊరి మధ్య వేసుకునే పెద్దమంట నెగడు. విశాఖ మన్యంలో లంబసింగి వైపు గడ్డ కట్టే చలికి ఇప్పటికీ అదే దిక్కు. పొయ్యిలోకి వాడే కట్టెకు వంటచెరకు అని పేరు. వంటచెరకు అంటే వంటకు పనికొచ్చే కట్టె. తియ్యని చెరకుకూ దీనికీ మాట ఒకటే, పని వేరు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన మాట చేవ. చెట్టు నడిమధ్యలో ముదురు రంగులో గట్టిపడిన భాగం అది. చుట్టూ ఉండే తెల్లచెక్క మెత్తన, దాంట్లోంచి నీళ్లు పారుతుంటాయి, పురుగు పట్టేదీ దానికే. మనిషిలో ధైర్యానికి చేవ అని పేరు పెట్టినవాడు తప్పకుండా కట్టెలు కొట్టినవాడే అయ్యుంటాడు. నల్లతుమ్మలో చేవ కిలోకు 4,950 కిలో కేలరీలు, తెల్లచెక్క 4,800 ఇస్తాయని కొలిచారు. తేడా కొంచెమే. అయినా తేడా ఉంది.

మునగ కూడా గట్టికట్టేనా?

శాస్త్రం లెక్కలో అవును. ఆకు వెడల్పుగా ఉండి, పువ్వు పూసి, కాయ కాసే చెట్లన్నిటి కట్టెనూ వృక్షశాస్త్రం గట్టికట్టె జాబితాలోనే రాస్తుంది. దేవదారు, పైన్ లాంటి సూదాకు చెట్లది మెత్తకట్టె. ఈ లెక్కన గోరుతో గీస్తే గుంట పడే బూరుగు, పుటుక్కున విరిగే మునగ గట్టికట్టెలు. ఎర్రమల కొండల్లో సొంతంగా పెరిగే చెట్లన్నీ గట్టికట్టెలే. సూదాకుల్లా కనబడే సరుగుడు కూడా నిజానికి పూలు పూసే చెట్టే. దాన్ని 1868లో కార్వారు దగ్గర కట్టెల కోసం నాటారు. ఆ తర్వాత తూర్పుతీరపు ఇసుకలన్నీ సరుగుడు తోటలయ్యాయి.

బరువు సంగతి వేరు. ఏ చెట్టు కట్టెనైనా ఖాళీలు లేకుండా పిండి చేసి చూస్తే సాంద్రత ఒకటే, నీటికి ఒకటిన్నర రెట్లు. తేడా అంతా లోపలి ఖాళీల్లో ఉంది. బూరుగులో గాలి ఎక్కువ, తుమ్మలో తక్కువ. కాబట్టి పూర్తిగా ఎండిన బూరుగు కిలో, తుమ్మ కిలో ఇచ్చే వేడి దాదాపు సమానమే. కానీ కిలో బూరుగు కావాలంటే చంకనిండా మొయ్యాలి, అది గడ్డిలా భగ్గుమని ఆరిపోతుంది. తుమ్మ రెండు పేళ్లు వేసి వేరే పని చూసుకోవచ్చు.

కొన్ని కట్టెలు నీళ్లలో వేస్తే మునుగుతాయి. రాయలసీమ మెట్ట అడవుల్లో పెరిగే నారవేప వాటిలో ఒకటి. దేశంలోని అతి బరువైన కట్టెల్లో దాని పేరు తప్పక వస్తుంది. పట్ట నుంచి నార తీసి తాళ్లు పేనేవాళ్లు కాబట్టి ఆ పేరు. రెండోది ఎర్రచందనం. శేషాచలం, పాలకొండ, లంకమల, నల్లమల లాంటి తూర్పు కనుమల దక్షిణపు కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు. ఘన మీటరు చేవ ఒక టన్నుకు పైనే తూగుతుంది. ఒకప్పుడు ఇంటి స్తంభాలకు, రంగుకు వాడిన ఈ చెట్టుకు ఇప్పుడు అంతర్జాతీయ వ్యాపార నియమాల కాపలా ఉంది.

చింతమొద్దు కథ ఇంకొకటి. ఎంత గట్టి గొడ్డలైనా దాంట్లో ఇరుక్కుంటుంది. పోగులు ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఉంటాయి, నిలువునా చీలదు. అందుకే మాంసం కొట్టే మొద్దు ఏ ఊళ్లో చూసినా చింతదే. చీల్చగలిగితే మాత్రం దాని సెగ ఇటుకబట్టీకి సరిపోయేంత ఉంటుంది.

గండికోటలో కరగని రాగి

1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే గండికోటకు వచ్చాడు. అంతకు రెండేళ్ల ముందే, 1650లో, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోట పట్టుకున్నాడు. అప్పుడతను పెద్ద ఫిరంగులు పోయించే ప్రయత్నంలో ఉన్నాడు. బూర్జ్ పట్టణం నుంచి వచ్చిన మయే అనే ఫ్రెంచివాడికి ఆ పని అప్పగించాడు. 20 ఫిరంగులు కావాలి, సగం 48 పౌండ్ల గుండువి, సగం 24 పౌండ్లవి. రాగి కోసం గుళ్లలోని విగ్రహాలు సేకరించారు. తావెర్నియే రాతల ప్రకారం, గండికోట గుడిలోని ఆరు రాగి విగ్రహాలను మాత్రం మయే ఎంతకూ కరిగించలేకపోయాడు. చివరికి ఒక్క ఫిరంగి కూడా సరిగ్గా తయారు కాలేదు, ఒకటి పగిలింది, పని వదిలేసి వెళ్లిపోయాడు.

రాగి కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలి. రాక్షసి బొగ్గు ఎరగని ఆ కాలంలో అంత వేడి కొండ మీది కట్టె నుంచీ, ఆ కట్టెను కాల్చి చేసిన బొగ్గు నుంచీ రావాల్సిందే. కోటలోని మాధవరాయస్వామి గుడి ముందు నిలబడి చుట్టూ ఉన్న పొదలు చూసినప్పుడల్లా నాకు ఆ కొలిమే గుర్తొస్తుంది.

ఫిరంగిలో పోసే మందుకు మాత్రం గట్టి బొగ్గు పనికిరాదు. తుమ్మ బొగ్గు కొలిమికి మంచిది, మందుగుండుకు తేలికైన బొగ్గు కావాలి, చప్పున అంటుకునేది. మన దేశంలో అందుకు వాడిన వాటిలో కందికట్టె బొగ్గుకు పేరుంది. కంది కోసి నూర్పిళ్లయ్యాక పొలంలో మిగిలే ఆ పుల్లలే! ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నల్లరేగడి పల్లెల్లో కందిపుల్ల, పత్తికట్టె పొయ్యి రాజెయ్యడానికి ఇప్పటికీ వాడతారు.

తంగేడు పుల్లకూ ఒక ఘనత ఉంది. దక్షిణాది కమ్మరులు మట్టిమూసలో ఇనుము ముక్కలతో పాటు ఎండు తంగేడు పుల్లలు వేసి, పచ్చి ఆకులు కప్పి, మూత పెట్టి కొలిమిలో కాల్చేవారు. పుల్ల బొగ్గయి ఇనుములో కలిసి ఉక్కు అయ్యేది. ప్రపంచానికి తెలిసిన ఊట్జ్ ఉక్కు అదే.

బొగ్గు ఎందుకు కాల్చాలి?

ఉన్న కట్టెను కట్టెగానే కాల్చుకోక, ముందే సగం కాల్చి బొగ్గు చెయ్యడం దండగ కాదా? వేడి లెక్కలో దండగే. మట్టి కప్పిన బట్టీలో వంద కిలోల కట్టె పెడితే ఇరవై కిలోల అటూ ఇటూ బొగ్గు దిగుతుంది. కానీ ఆ బొగ్గు కిలోకు 7,000 కిలో కేలరీలు ఇస్తుంది, పొగ రాదు, మసి పట్టదు. ప్రొద్దుటూరు బంగారం పనికి పేరున్న ఊరు. కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టంతో సన్నని మంటను నగ అతుకు మీదికే మళ్లించే పనివాడికి పొగ పనికిరాదు, మంట చెదరకూడదు. ఇప్పుడు గ్యాసు మంట వచ్చింది. పాత పనివాళ్లను కదిలిస్తే మాత్రం ఏ బొగ్గు చిటపటలాడుతుందో, ఏది నిలకడగా ఉంటుందో వేళ్లతో నలిపి చెబుతారు.

బొగ్గు గురించి ఇంకో వింత. పీర్ల పండక్కి రాయలసీమ ఊళ్లలో గుండం తొక్కుతారు. హిందువులూ ముస్లిములూ కలిసే తొక్కుతారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి గుండం చూడడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఎర్రటి నిప్పుల మీద నడిచినా కాళ్లు కాలకపోవడానికి భక్తి ఒక్కటే కాదు, బొగ్గు గుణం కూడా తోడుంది. బొగ్గు తనలోని వేడిని చాలా నెమ్మదిగా పక్కకు అందిస్తుంది. అదే వేడిలో ఉన్న ఇనుపరేకు మీద అడుగు వేస్తే పరిస్థితి వేరు. నిప్పుల మీద ఆగకుండా నడిచే మనిషి పాదం ఒక్కో కణిక మీద ఉండేది అరసెకను. నిలబడితే మాత్రం కాలుతుంది.

పొగ తాగిన తల్లులు

2011 జనగణనలో దేశంలో 49 శాతం ఇళ్లలో వంట కట్టెలతోనే. ఇంటిపొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ పొగలో ఎక్కువ భాగం పీల్చేది ఆడవాళ్లూ, వాళ్ల పక్కన కూర్చున్న చిన్నపిల్లలూ. ఈ బాధ చూసి ముందే కదిలినవారు మన హైదరాబాదులో ఒకరున్నారు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు మట్టితోనే, గొట్టం పెట్టి, పొగ బయటికి పోయే పొయ్యి రూపొందించి 1953లో దాని మీద పుస్తకం కూడా రాశారు. కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం పెట్టింది 1980లలో. అంటే ముప్పై ఏళ్ల తర్వాత! ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా మహిళలకు గ్యాసు ఇచ్చిన దీపం పథకం 1999లో వచ్చింది, దేశమంతటా ఉజ్జ్వల 2016లో. ఎస్.పి. రాజు పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సిన పేరని నా గట్టి నమ్మకం.

ఇంకా కట్టె కాల్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి రెండున్నాయి. గన్నేరు కొమ్మ పొయ్యిలో పెట్టకూడదు, దాని పొగ కూడా విషమే. రెండోది, చలికి తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకూడదు. కణకణలాడే బొగ్గుకు పొగ ఉండదు, వాసన ఉండదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

జమ్మి ఇంటి చుట్టం

నవగ్రహ హోమానికి ఒక్కో గ్రహానికి ఒక్కో సమిధ. సూర్యుడికి జిల్లేడు, చంద్రుడికి మోదుగ, కుజుడికి చండ్ర, బుధుడికి ఉత్తరేణి, గురుడికి రావి, శుక్రుడికి మేడి, శనికి జమ్మి. రాహుకేతువులకు గరిక, దర్భ. జమ్మి లోపల అగ్ని దాగి ఉందని పాత నమ్మకం. యజ్ఞానికి నిప్పు చిలికే అరణిని జమ్మిని అంటిపెట్టుకుని పెరిగిన రావికట్టెతో చేస్తారు. మరి ఈ జమ్మి ఎవరి బంధువో తెలుసా? మన సర్కారు తుమ్మకే. రెండూ ఒకే ప్రొసోపిస్ ప్రజాతిలోవని వృక్షశాస్త్రం చాలాకాలం చెబుతూ వచ్చింది. దసరా నాడు పూజ అందుకునేది ఒకటి, గొడ్డలి దెబ్బ తినేది మరొకటి.

   

రాత్రి దాచిన నిప్పు

అగ్గిపెట్టె కూడా ఖర్చే అనుకున్న రోజుల్లో పొయ్యి ఆర్పేవాళ్లు కాదు. రాత్రి భోజనాలయ్యాక జేజి తుమ్మ కట్టె కొస ఒకటి, చేవ ఉన్నది, నిప్పుల్లోకి తోసి, చుట్టూ ఉన్న బూడిదంతా చేటతో దగ్గరికి తోసి కప్పేసేది. బూడిద లోపలి వేడిని పోనివ్వదు, గాలిని ఎక్కువ రానివ్వదు. కట్టె ఆరదు, మండదు, రాత్రంతా అలా ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. తుమ్మ లాంటి గట్టికట్టెకే అది చేతనవుతుంది. బూరుగును అలా దాస్తే అర్ధరాత్రికి పిడికెడు బూడిదే మిగులుతుంది.

నాలుగున్నరకు కోడి కూసేది. స్నానాల నీళ్లకు రాగి అండా నిండా నీళ్లు పోసి, జేజి పొయ్యి ముందు గొంతుక్కూర్చునేది. చిన్న పుల్లతో బూడిదను పక్కకు జరిపేది. పైన బూడిద, దాని కింద వెచ్చటి బూడిద, ఇంకా కింద రేగుపండంత ఎర్రటి కణిక. దాని మీద కందిపుల్లలు నాలుగు పెట్టి, ఊదుగొట్టం నోటికి ఆనించి, ఒక్కసారి మెల్లగా ఊదేది. పక్కింటి నుంచి పిడక ముక్క పట్టుకుని నిప్పు కోసం వచ్చిన పిల్ల అప్పటికే గడప దగ్గర నిలబడి ఉండేది.